ఇంటి వడ్రంగం: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు కలప, పనిముట్లు, పనులు

జీవనోపాధి కోసం కాక, తీరిక వేళల్లో ఇష్టంతో, సొంత ఇంటి అవసరాలకో అయినవారికి ఇవ్వడానికో చేసుకునే కొయ్య పనిని ఇంటి వడ్రంగం అనవచ్చు. పీటలు, గూళ్లు, దేవుడి మందిరాలు, పిల్లల ఆటవస్తువులు చేయడంతో పాటు పాత మంచాలను, కుర్చీలను బాగుచేయడం కూడా దీని కిందికే వస్తుంది. ఈ వ్యాసం ఉత్తరకోస్తాలోని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతానికి పరిమితం. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి ఏర్పడగా, విజయనగరం జిల్లా 1979లో ఆ రెండు జిల్లాల భాగాలతో ఏర్పడింది. 2022లో ఈ రెండింటి నుంచి కొన్ని మండలాలను వేరుచేసి పార్వతీపురం మన్యం జిల్లాను ఏర్పాటు చేశారు. ఒక పక్క సముద్రం, మరో పక్క తూర్పు కనుమలు, నడుమ తోటలూ పొలాలూ ఉన్న ఈ నేలలో ఏ చెట్టు ఏ పనికి పనికివస్తుందన్న ఎరుక చాలాకాలం నుంచి పనివాళ్ల చేతుల్లో ఉంది. కొత్తగా ఈ పనికి దిగేవారు పనిముట్ల జాబితా కంటే ముందుగా ఆ ఎరుకను అందుకోవడం మేలు. మంచి రంపం ఏ పట్టణంలోనైనా దొరుకుతుంది గాని, ఎంచుకున్న కర్ర తప్పయితే ఏ రంపమూ దాన్ని సరిదిద్దలేదు.

నేపథ్యం

తెలుగునాట వడ్రంగం విశ్వబ్రాహ్మణుల పంచవృత్తుల్లో ఒకటిగా సాగింది. నాగలి, కాడి, గుంటక, బండి, ద్వారబంధం, మంచం వంటివన్నీ ఊరి వడ్రంగి చేతి మీదుగానే వచ్చేవి, వాటికి ప్రతిఫలం చాలాచోట్ల పంట కాలంలో ధాన్యం రూపంలో ముట్టేది. ట్రాక్టర్లు, ఇనుప నాగళ్లు, కర్మాగారాల్లో తయారైన తలుపులు వచ్చాక ఆ పని చాలావరకు తగ్గిపోయి, ఇళ్ల లోపలి ప్లైవుడ్ పనిగా మారింది. దీనికి భిన్నంగా, విలాసవంతమైన కొయ్య పనికి కూడా ఈ తీరంలో చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు ఇరుగుడు వంటి చేవ కర్రల మీద ఏనుగు దంతపు రేకులు తాపడం చేసి, ఆ రేకుల మీద చెక్కిన సన్నని గీతల్లో లక్కను నింపి, ఈస్టిండియా కంపెనీ వారికి పెట్టెలు, బల్లలు, కుర్చీలు చేసి ఇచ్చారు. వాటిలో కొన్ని నేడు లండన్ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి.

కొయ్య పనిని వృత్తిగా కాక చదువులో భాగంగా, చేతికీ కంటికీ శిక్షణగా చూడడం 19వ శతాబ్దపు యూరప్‌లో మొదలైంది. ఫిన్లండ్‌లో ఊనో సిగ్నేయస్ ప్రయత్నంతో 1866లో చేతిపని బడి చదువులో చేరింది, ఆ తరువాత స్వీడన్‌లోని నేస్ అనే చోట ఓట్టో సాలొమన్ ఉపాధ్యాయులకు వడ్రంగం నేర్పి ఆ పద్ధతిని చాలా దేశాలకు వ్యాపింపజేశాడు. ఈ దేశంలో 1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన మౌలిక విద్యలో నూలు వడకడంతో పాటు వడ్రంగానికి కూడా చోటు దొరికింది. నూలు, కొయ్య కలిసే ఉదాహరణ ఈ ప్రాంతంలోనే ఉంది. సన్న ఖద్దరుకు పేరుపడ్డ పొందూరులో వాడే ఒంటి కదురు రాట్నపు చక్రానికి 24 ఆకులు ఉంటాయి. చక్రం ఊగిసలాడకుండా సమంగా తిరగాలంటే ఆ ఆకులన్నీ ఒకే పొడవులో, ఒకే కోణంలో నాభిలోకి దిగాలి. అందువల్ల ఇలాంటి రాట్నాన్ని బాగుచేయడం ఇంటి పనివాడికి చిన్న పరీక్షే అవుతుంది.

ఏ చెట్టు దేనికి

కలపను పరిశీలించేటప్పుడు మొదట చూడవలసింది చేవ. చెట్టు కాండంలో నడిమి భాగం ముదిరి, రంగు తేలి, గట్టిపడితే దాన్ని చేవ అంటారు. బెరడుకు దగ్గరగా ఉండే లేత రంగు భాగంలో చెట్టుకు కావలసిన నీరు, పిండిపదార్థం ఉంటాయి కనుక పురుగు, పుచ్చు మొదట అక్కడే పడతాయి. రెండోది నార, అంటే కొయ్యలో పీచు సాగిన దిశ. నార నిటారుగా ఉన్న కర్ర చిత్రికకు లొంగుతుంది, అడ్డదిడ్డంగా అల్లుకున్న కర్ర లేచి చీలికలవుతుంది. మూడోది ముడులు, అంటే కొమ్మలు పుట్టిన చోట్లు. బరువు మోసే పట్టెలో పెద్ద ముడి ఉంటే అది అక్కడే విరుగుతుందని పనివాళ్లు ముందే పక్కన పెడతారు.

టేకుకు ఉన్న పేరు న్యాయమైనదే. అది తక్కువగా కుంచించుకుపోతుంది, అందులోని సహజమైన నూనె వల్ల చెద అంత తేలిగ్గా పట్టదు, పనిముట్టుకు అనువుగా ఉంటుంది. అయితే తొలిసారి ఉలి పట్టినవాడు టేకు మీద సాధన చేయడం డబ్బు దండగ. వేగిస, మద్ది, దిరిసెన కర్రలు బరువైనవి, గట్టివి, వాటిని చేతి రంపంతో కోయడానికి ఓపిక కావాలి. కనుమల వైపు సాలు, అంటే గుగ్గిలం చెట్టు కూడా ఉంది, దాన్ని ఇళ్ల దూలాలకు వాడేవారు. నల్ల తుమ్మ గట్టిదనం వల్ల బండి చక్రాలకు, నాగళ్లకు పనికివచ్చింది. వేప పురుగును కొంతవరకు దూరంగా ఉంచుతుంది గాని దాని నార అల్లుకుని ఉంటుంది కనుక చిత్రిక పట్టేటప్పుడు దిశ మార్చుకుంటూ పోవాలి. మామిడి చవకగా దొరికి, మెత్తగా కోతకు వచ్చి, నేర్చుకునేవారికి మంచి స్నేహితుడిగా ఉంటుంది. అయితే కోసిన వెంటనే పలకలుగా చీల్చి ఆరబెట్టకపోతే నీలం మరకలు పడి, చిన్న పురుగులు తొలిచి పిండి రాలుస్తాయి. తీరపు ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు గుంజలకు, పందిళ్లకు భేషైనది, బల్లలకు మాత్రం కాదు, ఎండితే పగులుతుంది, మెలి తిరుగుతుంది. తాటి, కొబ్బరి మానులు వేరే జాతివి. వీటిలో పైపొర ఇనుములా ఉండి లోపలి భాగం మెత్తటి పీచుగా ఉంటుంది కనుక, గట్టి పైభాగాన్నే చీల్చి వాసాలుగా, పట్టెలుగా వాడతారు, లోపలిని తొలిచి నీళ్లు పారించే దోనెలుగా మలిచేవారు.

చెట్టును పనికి తగినట్టు ఎంచుకోవడంలో విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం ఒక విశిష్ట ఉదాహరణ. ఏటా విజయదశమి తరువాతి మంగళవారం జరిగే ఈ ఉత్సవానికి పొడవైన చింతమానును ఎంపిక చేస్తారు. ఆ చెట్టున్న చోటును అమ్మవారు పూజారికి కలలో తెలుపుతుందని భక్తుల విశ్వాసం. సిరిమానును, దాన్ని మోసే ఇరుసుమానును తెచ్చి హుకుంపేటలో వడ్రంగులు చెక్కి సిద్ధం చేస్తారు. పూజారి మాను కొసన కట్టిన పీఠం మీద కూర్చోగా, అది కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మానును కొట్టిన కొద్ది వారాలకే వాడతారు కనుక అది పూర్తిగా ఎండి ఉండదు. పచ్చి కొయ్య ఎండిన దానికంటే ఎక్కువగా వంగి విరగకుండా నిలుస్తుందన్నది కలప శాస్త్రంలో సాధారణ విషయం. పీటకు పనికిరాని పచ్చికర్ర ఈ పనికి సరిపోవడం గమనించదగ్గది.

పనస, బొబ్బిలి వీణ

ఉత్తరాంధ్ర కలపల్లో పనసకు దక్కవలసినంత పేరు దక్కలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు ఉన్న ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల నడుమ పనస విరివిగా పెరుగుతుంది. పనస చేవ కోసిన కొత్తలో పసుపుగా ఉండి, వెలుతురు సోకే కొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు రంగును మరిగించి తీసి ఆగ్నేయాసియాలో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు అద్దేవారు. చెదకు కొంత ఎదురు నిలిచి, టేకు కంటే తక్కువ ధరకు దొరికి, ఉలికి చక్కగా లొంగే పనస ఇంటి పనివాడికి చాలా సందర్భాల్లో తొలి ఎంపిక కావాలి.

ఈ కర్రకు శాశ్వతమైన పేరు తెచ్చింది బొబ్బిలి వీణ. బొబ్బిలికి దగ్గరలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల వడ్రంగి కుటుంబాలు 17వ శతాబ్దం నుంచి, బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరణలో ఈ పని చేస్తున్నాయని సంప్రదాయం చెబుతుంది. ఈ వీణ ప్రత్యేకత దాని ఏకాండితనం. కుండ అనబడే గుండ్రటి తుంబ భాగాన్ని, దండి అనబడే పొడవైన మెడను, యాళి ముఖాన్ని వేరువేరుగా చేసి అతికించకుండా ఒకే పనస దుంగ నుంచి తీస్తారు. దుంగను బాడిసతో రూపుదిద్ది, కుండను లోపలి నుంచి ఉలులతో తొలిచి, గోడల మందాన్ని అంతటా సమంగా ఉంచేందుకు వేళ్లతో తట్టి శబ్దం వింటూ పనిచేస్తారు. ఆ తరువాత దండి మీద నల్లటి మైనపు పట్టీని పోసి, అందులో 24 మెట్లను ఒక్కొక్కటిగా శ్రుతికి సరిచూసి అమర్చుతారు. నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు కలిపి ఏడు ఉంటాయి. ఈ వీణకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించింది. కచేరీ వీణలతో పాటు చిన్న నమూనా వీణలు కూడా జ్ఞాపికలుగా అమ్ముడుపోతున్నాయి. ఇంటి పనివాడికి కచేరీ వీణ చేయడం సాధ్యమయ్యే పని కాదు గాని, ఎండిన పనస ముక్కతో అడుగు పొడవు నమూనా వీణను చెక్కడం బాడిస, ఉలి, ఆకురాయి మూడింటినీ వాడడం నేర్పుతుంది.

ఈ తీరంలో తుపానులు కూడా కలపను నేల మీదికి తెస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు పెద్ద ఎత్తున కూలాయి. పడిన పనసను వంటచెరకుగా నరకడానికి ముందు కొన్నాళ్లు ఆగడం మంచిది. అయితే ఆగడమంటే దుంగను అలాగే ఎండలో వదిలెయ్యడం కాదు. కొసలకు వెంటనే రంగో మైనమో పూసి మూయాలి, లేకపోతే తేమ కొసల నుంచే వేగంగా వెళ్లిపోయి చీలికలు లోపలికి పాకుతాయి.

ఆరబెట్టడం

చెట్టు కొట్టిన తరువాత కొయ్యలోని నీరు రెండు విధాలుగా పోతుంది. కణాల బోలు భాగాల్లో ఉన్న నీరు మొదట పోతుంది, దానివల్ల బరువు తగ్గుతుంది తప్ప కొలత మారదు. ఆపైన కణాల గోడల్లోని నీరు పోవడం మొదలైనప్పుడు కొయ్య కుంచించుకుపోతుంది. ఈ కుంచింపు పొడవు వెంట దాదాపు ఉండదు, వయసు వలయాలకు అడ్డంగా కొంత, వలయాల వెంబడి దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. పలకలు దోనెలా వంగడానికి, గుండ్రటి కాండం నక్షత్రంలా పగలడానికి మూలం ఈ తేడాయే. కాండం పక్కగా తీసిన పలక అంచులు ఆరేటప్పుడు బెరడు వైపుకు లేస్తాయి.

అంగుళం మందం పలకకు గాలిలో సుమారు ఏడాది కావాలన్నది వడ్రంగుల్లో వాడుకలో ఉన్న అంచనా, బరువు కర్రలకు ఇంకా ఎక్కువ. పలకల మధ్య ఒకే మందంలో అడ్డపుల్లలు ఒకదాని మీద ఒకటి వరసగా వచ్చేట్టు పేర్చి, నేలకు అడుగు ఎత్తున, నీడలో, వాన జల్లు పడని వసారాలో ఉంచి, పైన బరువు పెడితే పలకలు తిన్నగా ఆరతాయి. తీరంలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఎంత ఆరినా కొయ్య కొంత తేమను పట్టి ఉంచుతుంది, వేసవిలో కుంచించి వానాకాలంలో ఉబ్బుతుంది. కళింగపట్నంలో చేసిన సొరుగు హైదరాబాదు ఇంట్లో వదులైపోవడం, హైదరాబాదులో చేసింది ఇక్కడ బిగుసుకుపోవడం వింత కాదు.

పనిముట్లు, చోటు

ఇంటి పనికి కావలసినవి కొన్నే. ఒక చేతి రంపం, అర అంగుళం, అంగుళం ఉలులు, ఒక మధ్యరకం చిత్రిక, కొయ్యసుత్తి, మూలమట్టం, కొలత టేపు, ఒక ఆకురాయి, బిగించే రెండు మూడు క్లాంపులు, చిన్న డ్రిల్లింగ్ మిషన్ ఉంటే నెలల తరబడి పని సాగుతుంది. మేస్త్రీలు అంగుళాన్ని 8 నూళ్లుగా లెక్కిస్తారు, అంటే ఒక నూలు అంగుళంలో ఎనిమిదో వంతు. ఈ లెక్క తెలిస్తే వారితో మాట్లాడడం, అడితిలో కర్ర కొనడం రెండూ తేలికవుతాయి.

పనిముట్ల కంటే పదును ముఖ్యం. కొత్త ఉలి దుకాణం నుంచి పదునుగా రాదు. మొదట ఉలి వీపును, అంటే చదునైన పక్కను, సానరాయి మీద అద్దంలా వచ్చేదాకా రుద్ది, ఆ తరువాత ఏటవాలు పక్కను సుమారు 25 నుంచి 30 డిగ్రీల కోణంలో పట్టి, కొస వెంట సన్నటి పొర లేచేదాకా నూరాలి. ఆ పొరను రెండో పక్క తిప్పి తీసేస్తే, చేతి మీద వెంట్రుకలను గొరిగే పదును వస్తుంది. తీరంలో ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది కనుక పని అయ్యాక నూనె గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టడం అలవాటు చేసుకోవాలి.

పని బల్ల తప్పనిసరి కాదు. సంప్రదాయ వడ్రంగి నేల మీద కూర్చుని, కర్రను కాలి వేళ్ల మధ్య బిగించి, ఒళ్లే పట్టుడుగా వాడుకుని పని చేస్తాడు, రంపపు పనికి, ఉలి పనికి ఇది నేటికీ చాలినంత మంచి పద్ధతే. వెడల్పు పలకలకు చిత్రిక పట్టేటప్పుడు మాత్రం తుంటి ఎత్తుండే బరువైన బల్ల నడుముకు ఊరటనిస్తుంది.

తొలి పనులు

పీటతో మొదలుపెట్టడం మంచిది. ఇది చూడడానికి అతి సులువైన పని, అయినా కొయ్య స్వభావం మొత్తాన్ని ఇదే బయటపెడుతుంది. 14 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పనస పలక, దాని కింద అడ్డంగా ఒకటిన్నర అంగుళాల ఎత్తు కాళ్లు రెండు చాలు. చిక్కు ఎక్కడంటే, పలక వెడల్పు వాతావరణంతో పాటు మారుతుంది, కాలు మాత్రం తన నార పొడవు వెంట ఉండడం వల్ల కదలదు. 10 అంగుళాల పలక వేసవికీ వానకాలానికీ మధ్య ఒక నూలు దాకా మారడం అసాధారణం కాదు. కాలిని పలకకు ఈ కొస నుంచి ఆ కొస దాకా జిగురు పూసి మేకులు కొడితే, కదలడానికి చోటులేని పలక నార వెంట నిలువునా చీలుతుంది. మార్కెట్లో కొన్న పీటలు చాలావరకు ఇలాగే పగులుతాయి. దీనికి విరుగుడుగా కాలి నడిమి భాగంలోనే జిగురు పూసి, కొసల దగ్గర మరలు దిగే రంధ్రాలను అడ్డంగా కాస్త సాగదీసి తొలచాలి, అప్పుడు మర స్థిరంగా ఉంటూనే పలక జరుగుతుంది. మరింత నేర్పు ఉన్నవారు పలక అడుగున ఏటవాలు అంచుల గాడి తీసి, కాలిని అందులోకి పక్క నుంచి దూర్చుతారు, దీనికి మేకే అక్కర్లేదు.

రెండో పని వామనగుంటల పీట. ఏడేసి గుంటలు రెండు వరసలుగా 14 గుంటలు ఉండే ఈ పీటకు మామిడి లేదా వేప పలక చాలు. గుంటలను వృత్తలేఖినితో గీసి, గుండ్రటి మొన ఉలితో అంచు నుంచి లోతుకు చెక్కుకుంటూ రావాలి. లోతు నుంచి అంచుకు చెక్కితే నార లేచి గుంట అంచు చిట్లుతుంది. చివరన ఉప్పు కాగితాన్ని బంతి చుట్టూ చుట్టి రుద్దితే అన్ని గుంటలూ ఒకే లోతుకు వస్తాయి.

పాత నవారు మంచాన్ని విప్పి చూస్తే అతుకుల గురించి చాలా తెలుస్తుంది. పట్టెల కొసలను నాలుకలా సన్నగా చెక్కి, కోళ్లలో తొలిచిన రంధ్రాల్లోకి దిగ్గొడతారు, రెండు పట్టెల నాలుకలు ఒకే కోడులో ఒకదానికొకటి అడ్డు తగలకుండా ఎత్తు మార్చి వేస్తారు. జిగురు లేకపోయినా నవారు బిగువు నాలుగు పట్టెలను లోపలికి లాగి పట్టి ఉంచుతుంది.

ప్లైవుడ్‌తో అరలు, పుస్తకాల గూళ్లు తొందరగా అవుతాయి. దాని పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కనుక వాతావరణానికి పెద్దగా మారదు. భారతీయ ప్రమాణాల్లో 303 సంఖ్య సాధారణ వాడకపు ప్లైవుడ్‌కు, 710 నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు చెందుతాయి. వంటగదికి, స్నానాల గది పక్క గోడకు రెండోదే వాడాలి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు పలకను దుకాణంలోనే కొలతకు కోయించుకుంటే ఇంటి దగ్గర సగం శ్రమ తప్పుతుంది.

తరిమెన పట్టే పనికి సమీప ఆదర్శం పొరుగున అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక. అక్కడ మెత్తటి అంకుడు కర్రను తిరుగుతున్న చక్రం మీద బొమ్మగా మలిచి, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పొరగా పట్టుకుంటుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పై పూతలు, రక్షణ, చట్టం

అవిసె నూనె, చపడా లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూసే పాలిష్ ఇంటి పనికి సరిపోతాయి. పిల్లల చేతికి వెళ్లే వస్తువులకు తేనెమైనం మంచిది. పలాస జీడి పరిశ్రమలో మిగిలే జీడిగింజ పెంకు నూనెను పడవలకు, గుంజలకు పురుగు పట్టకుండా పూయడం పాత అలవాటు. అది చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది కనుక గ్లవుజులు లేకుండా ముట్టకూడదు, ఇంట్లో వాడే వస్తువులకు అసలు వద్దు. మామిడి వంటి పురుగు పట్టే కర్రలకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటి ద్రావణం చవకైన, ఉపయోగకరమైన మందు, అయితే అది వానకు కడుక్కుపోతుంది.

కొయ్య ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ఉప్పు కాగితం రుద్దేటప్పుడు, మరరంపం నడిపేటప్పుడు ఎన్95 మాస్కు కట్టుకోవడం, పని చోట గాలి ఆడేట్టు చూడడం అవసరం. తిరిగే యంత్రాల దగ్గర పొడుగు చేతుల చొక్కా, వదులు పంచె, చీర చెంగు, కంకణాలు ప్రమాదకరం. మూడు కాళ్ల ప్లగ్గు తొడగని యంత్రాన్ని తడి వసారాలో నడపకూడదు.

చెట్టు నరకడానికి, కలప తరలించడానికి నిబంధనలు ఉన్నాయి. సొంత పెరట్లో ఉన్న చెట్టయినా కొట్టే ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టాన్ని, దాని కింద అనుమతులను చూసుకోవాలి. టేకు వంటి కర్రను ఒక చోటి నుంచి మరో చోటికి తేవాలంటే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాల కింద పర్మిట్ కావాలి. సరుగుడు, యూకలిప్టస్, సుబాబుల్ వంటి తోట చెట్లకు సడలింపులు ఉన్నాయి. అడితిలో కొన్న కర్రకు బిల్లు తీసుకుని దాచుకోవాలి, దారిలో తనిఖీ జరిగితే ఆ కాగితమే చూపించవలసి ఉంటుంది.